షాట్ తర్వాత నవ్వు

ఉదయం ఎనిమిదింటికి పరాంకుశం ఉప్మా తింటూ, తాను చచ్చిపోవడం చూస్తున్నాడు. ఈసారి జమీందారు వేషం, విషం తాగి పోవడం. ఇంట్లోవాళ్లు కోరిన కథను ఆ పూటకే అల్లి చూపించే కథాపేటిక గోడగోడకీ వచ్చాక, కృష్ణానగర్‌లో షూటింగులు ఆగిపోయి తొమ్మిదేళ్లయింది. ఆయనకు పనిలేదు గానీ, ఆయన ముఖానికి మాత్రం క్షణం తీరిక లేదు.

నలభై ఏళ్లలో హీరో వేషం ఒక్కటీ రాలేదు. తండ్రి, పూజారి, కానిస్టేబులు, ఏదైనా ఇంటర్వెల్‌కల్లా పోయే పాత్రే. చావడంలో ఆయన చేయి తిరిగినవాడు.

తెరమీద జమీందారు కన్నుమూశాడు. మూడు క్షణాలకు కళ్లు తెరిచి నవ్వాడు. ఆ నవ్వు కథలోది కాదు. శవంగా నటించినవాడు షాట్ అవగానే కెమెరాకేసి నవ్వాలి, లేకపోతే కీడని సినిమావాళ్ల పట్టింపు. ఎడిటింగులో దాన్ని తీసేసేవారు. పేటికకు చావు నేర్పినవాళ్లు మాత్రం ఆయన పాత షాట్లన్నీ కత్తిరించకుండానే దానికి అప్పగించారు. ఇక ఏ కథలో ఎవరు పోయినా నవ్వడమే. పెద్దలు మొదట విస్తుపోయి, తర్వాత అలవాటుపడ్డారు.

ఎవరో తలుపు తట్టారు. పక్క ఫ్లాట్ స్రవంతి, కళ్లు వాచిపోయి ఉంది.

“బాబాయిగారూ, తెల్లారుజామున నాన్న పోయారు. మా ఇరావతి మంచం దగ్గర్నించి కదలట్లేదు. తాతయ్య ఇంకా నవ్వలేదు, తీసుకెళ్లొద్దంటోంది. ఎవరు చెప్పినా వినట్లేదండి. మీరు చెప్తే నమ్ముతుందేమో.”

ఆరేళ్ల ఇరావతి తాతయ్య మొహంలోకే చూస్తూ కూర్చుంది. రెప్ప వేస్తే ఆ నవ్వు తప్పిపోతుందని దాని భయం. పరాంకుశం మంచం దగ్గరికి వెళ్లి దాని వైపు వంగాడు.

“నా నవ్వు ఉత్తిదే తల్లీ. నేను బతికుండి నవ్వేవాణ్ని. నిజంగా పోయినవాళ్లు నవ్వరు.”

“నువ్వెప్పుడూ నవ్వుతావుగా.”

మాటలతో అయ్యే పని కాదనిపించింది. ఆయన అక్కడే నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసి ఊపిరి బిగబట్టాడు. ఇరావతి వచ్చి పక్కన కూర్చుంది. మూడు క్షణాలు గడిచాయి. నలభై ఏళ్ల అలవాటు పెదవులదాకా వచ్చింది. నవ్వకపోతే కీడన్న భయమూ వచ్చింది. డెబ్భై రెండేళ్ల మనిషికి అదేమీ చిన్న భయం కాదు. అయినా ఆయన నవ్వలేదు.

చిన్న చేయి ఆయన బుగ్గ తట్టి, ఆగింది. ఆ తర్వాత ఏడుపు వినిపించింది. స్రవంతి కూతుర్ని ఎత్తుకుంది. మంచం చుట్టూ అడుగుల చప్పుడైంది. పిల్లకు కుదిరిన నమ్మకం చెదురుతుందని ఆయన కళ్లు తెరవకుండా అలాగే పడుకున్నాడు.

లేచి కూర్చునేసరికి మంచం ఖాళీగా ఉంది. ఇరావతి ముక్కు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడి ఉంది.

“తాతా, నువ్వు పోలేదుగా,” అంది. “మరి నవ్వవేం?”

షాట్ అయ్యాక పరాంకుశం ఏడవడం అదే మొదటిసారి.