సాంచాలు ఆగిన శుక్రవారం

"ఏంది గిది? ఎవరో గొంతు పిసికినట్టు మోగుతున్నది!"

దీపాలి తీగల మీంచి కమాను తీసేసి, తనకంటే ఎత్తున్న డబుల్ బేస్ వాద్యాన్ని అనుమానంగా చూసింది. అదే చూపు అంకుశం మీదికి తిప్పింది. ఆమె కళ్ళు మామూలుగానే పెద్దవి, కోపం వస్తే ఇంకాస్త పెద్దవవుతాయి. ఇంకో రోజైతే అంకుశం ఆ సంగతే తీరిగ్గా ఆలోచించేవాడు. ఇవాళ మాత్రం బేస్ వైపే చెవి పెట్టాడు.

"మల్ల వాయించు," అన్నాడు.

వాయించింది. అదే బిగుసుకుపోయిన గరగర.

"మొన్న నువ్వే అంటివి గద, షేర్ లెక్క గర్జిస్తదని?"

"మొన్న గర్జించింది. ఇయ్యాల దగ్గుతున్నది!"

సాయంత్రం ముంబైలో ఆమెకు ఆడిషన్. ఆర్కెస్ట్రాలో ఉన్నది ఒకటే సీటు, దాని కోసం ఏళ్ళుగా సాధన చేస్తోంది. పోయిన నెల ఆమె సొంత బేస్ మెడ విరిగింది. అప్పటినుంచి భివండీ పద్మనగర్‌లోని అంకుశం గదికి వస్తోంది. పగిలిన పాత బేస్‌లు తెచ్చి, అతికించి, తీగలు కట్టి, వచ్చినవాళ్ళు వాయించి చూసుకోవడానికి వరసగా నిలబెట్టడం అతని పని. ఆ వరసలో ఈ ఎర్ర బేస్ ఆమె మనసుకు పట్టింది. దాన్ని తీసుకెళ్ళే టెంపో కాసేపట్లో రాబోతోంది.

అంకుశం కిటికీలోంచి చూశాడు. వీధి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. శుక్రవారం కదా, సాంచాలు, అంటే మరమగ్గాలు, బంద్. గోడ అవతలి షెడ్డు కూడా మూసి ఉంది.

"అయ్యో!" అని తల పట్టుకున్నాడు. "సాంచాల చప్పుడుల సెట్ చేసిన దీపాలీ. ఆ చప్పుడు దాటి వినవడాలెనని తీగల కింది బ్రిడ్జ్ ఎత్తు లేపిన. లోపలి సౌండ్ పోస్ట్ బిగ్గ ఇరికించిన. నువ్వు గూడ గా చప్పుడులనే వింటివి."

"ఎవడన్న గట్ల చేస్తడా?"

"పద్మనగర్‌ల పుట్టినోడు చేస్తడు."

"నవ్వు రాలే నాకు. మిగిలిన బేస్‌లు?"

"అవి గూడ గంతే."

దారి ఒకటే ఉంది. సౌండ్ పోస్ట్ అంటే బేస్ కడుపులో జిగురు లేకుండా, తీగల ఒత్తిడికే నిలబడే కర్రముక్క. తీగలు వదులు చేసి దాన్ని కొంచెం జరపాలి. జరిపేటప్పుడు పడిపోతే మళ్ళీ నిలబెట్టడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది. అదంతా దాచకుండా చెప్పాడు.

దీపాలి గోడ గడియారం వైపు చూసి పెదవి కొరుక్కుంది.

"చెయ్యి. నీ మీద నమ్మకంతోని కాదు, వేరే దిక్కు లేక."

తీగలు వదులు చేశాడు. వంకర ఇనుపకడ్డీ బేస్ ముందు పలకలోని రంధ్రంలోంచి లోపలికి పెట్టాడు. మెల్లగా తాకాడు.

టక్.

కర్ర పడిపోయింది. లోపలి గదిలోంచి అంకుశం తల్లి సత్తెమ్మ "చాయ్ తాగుతవా బిడ్డా?" అని అడిగింది.

దీపాలి బేస్‌ని నేల మీద పడుకోబెట్టించి, ఫోన్ టార్చ్ వేసి, రెండో రంధ్రంలోంచి లోపలికి చూసింది. "ఇటు... కొంచెం లెఫ్ట్... అరే, గంత గాదు!" ఆమె జడ అతని చెంపకు తగిలింది. అంకుశం కర్రను మళ్ళీ పడేశాడు.

"గిదేంది, మల్ల పడేసినవ్?"

"చెయ్యి జారింది."

"మంగళవారం నాకు కమాను అందిస్తా ఏదో అన్నవ్. గుర్తున్నదా?"

అంకుశం కడ్డీ బయటికి లాగేశాడు. మగ్గాల మోతలో ఆమెకేం వినపడుతుందిలే అన్న ధైర్యంతోనే ఆ రోజు అనేశాడు.

"నీకు... వినవడ్డదా?"

"వినవడలే, చూసిన. మా అవ్వ గీ ఊర్లనే, కనేరిల సాంచాలు నడుపుతది. పెదవులు చూసి మాట పట్టుడు చిన్నప్పుడే నేర్చుకున్న. నన్ను ముంబై కాలేజ్ పొల్ల అనుకున్నవ్ గద?" టార్చ్ వెలుగు కర్ర మీదికి తిప్పింది. "గది నిజమైతే ముందుగాల దీన్ని నిలబెట్టు. ఆడిషన్ తప్పిపోతె నాకు ఏ ముచ్చటా వద్దు."

బయట టెంపో హారన్ మోగింది.

అంకుశం ఇంకేమీ ఆలోచించలేదు. కర్రను కడ్డీ మొనకు గుచ్చి, ఆమె చెప్పిన వైపు జరిపాడు. నిలబడింది. బ్రిడ్జ్ కిందికి దించి, తీగలు బిగించి, బేస్‌ని లేపి నిలబెట్టి శ్రుతి చేశాడు. హారన్ మళ్ళీ మోగింది.

దీపాలి లేచి కమాను వేసింది. ఈసారి మంద్రంగా, మెత్తగా, పాదాల కింది నేల దాకా పాకింది స్వరం. ఎదురింట్లో ఊడుస్తున్నావిడ చీపురు ఆపింది. దీపాలి కళ్ళు తుడుచుకుంది.

"సాంచాలు బంద్ ఉన్నయ్ గద. గిప్పుడు చెప్పు," అంది.

అంకుశం గుండెల నిండా గాలి తీసుకున్నాడు. మగ్గాల మధ్య పెరిగిన గొంతు అది, మెల్లగా మాట్లాడటం దానికి రాదు.

"నువ్వంటే నాకు పాణం దీపాలీ!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. టెంపో డ్రైవర్ హారన్ మీది చెయ్యి తీసేశాడు. సత్తెమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది.

"గట్ల ఒర్రుడెందుకురా? పొల్లకు టైమ్ అయితున్నది. నువ్వు గూడ పో, బాజా పట్టుకో!"

దీపాలి నవ్వింది, కానీ జవాబు చెప్పలేదు. ముంబై దారిలో అంజూర్ ఫాటా దగ్గర టెంపో ట్రక్కుల మధ్య ఇరుక్కున్నప్పుడూ చెప్పలేదు. ఆడిషన్ హాలు లోపలికి వెళ్తూ కూడా చెప్పలేదు. తలుపు బయట అంకుశం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆడిషన్ ఏమవుతుందో, ఆమె ఏమంటుందో, ఈ రెండు భయాల్లో ఏది పెద్దదో అతనికే తెలియలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. దీపాలి బయటికొచ్చింది. వెనకే వచ్చిన ఆర్కెస్ట్రా మేడం, సోమవారం నుంచే రిహార్సల్‌కి రమ్మంది. తర్వాత బేస్ మీద చెయ్యి వేసి, ఇంత చక్కగా సెట్ చేసిన దుకాణం ఎక్కడుందని హిందీలో అడిగింది.

"భివండీ, పద్మనగర్," అంది దీపాలి. అంకుశం వైపు ఓరగా చూసి, "హమారీ హీ హై, మేడం," అంది.

మేడం వెళ్ళిపోయింది. మాదే అన్న ఆ మాట దగ్గరే అంకుశం నిలబడిపోయాడు.

"ఏం చూస్తున్నవ్? నీ దుకాణంల నాకు జాగ లేదా ఏంది?"

"ఉన్నది," అన్నాడు అంకుశం. ఆ మాట దీపాలికి తప్ప ఎవరికీ వినపడలేదు.