ఏరి పక్కన పెట్టిన ఆల్చిప్పలు

ఆదివారం పొద్దున్నే కమలాకుమారి తమ్ముడు కాకినాడ నుంచి తడి గోనెసంచిలో ఆల్చిప్పలు తెచ్చి, అశోక్‌నగర్ ఫ్లాట్‌లో ఇచ్చి వెళ్ళాడు. ఆవిడ పీట వేసుకుని కూర్చుని, నోరు తెరిచిన ప్రతిదాన్నీ గోటితో తట్టి చూసింది. తట్టగానే ముడుచుకుంటే బతికున్నట్టు. కదలని వాటిని పారేయడానికి ఏరి గిన్నెలో వేసింది.

కోడలు సంజన నారాయణగూడలో పుట్టి పెరిగిన పిల్ల. ఆమెకు అన్నీ ఒకేలా కనిపించాయి. అత్తగారికి కంట్లో శుక్లాలు. ‘పాపం, కళ్ళు ఆనక మంచివి గూడ పారేస్తున్నది’ అనుకుంది. ఒక్కమాట అడిగితే పోయేది. ఆవిడ కూర పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళ్ళగానే గిన్నెలోవన్నీ కూరలో వంపేసింది.

అత్తాకోడళ్ళు చెరో రెండు ముద్దలు తిన్నారు. కమలాకుమారి కొడుకు కృష్ణచైతన్య మాత్రం ఇష్టంగా మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు. సాయంత్రానికి వాంతులతో ఆసుపత్రి పాలయ్యాడు.

మర్నాడు ఇంటికి రాగానే తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“కళ్ళు కనపడవని తెలుసు కదమ్మా! చచ్చినవేవో చూసుకోకుండా వండేస్తావా? ఇక వంటింట్లోకి రాకు!”

సంజన తలొంచుకుని మందుల సంచి విప్పసాగింది.

“నావల్లేరా నాన్నా,” అంది కమలాకుమారి. “అన్నీ తట్టి చూశాననే అనుకున్నాను.”

ఆ రోజు నుంచి ఆవిడ హాల్లో కుర్చీకే అతుక్కుపోయింది. మంచినీళ్ళు కూడా అడిగి తాగేది. సంజనకు అన్నం సయించడం మానేసింది. ఒక సాయంత్రం బియ్యం చేట అందిస్తే అత్తగారు చేతులు వెనక్కి తీసుకుంది.

“వద్దమ్మా. రాళ్ళు వదిలేస్తానేమో. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.”

చేట కింద పెట్టి సంజన ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన భర్త గుమ్మంలో నిలబడిపోయాడు.

“తప్పు మీది కాదు అత్తమ్మా! చచ్చినవి మీరు ఏరి పక్కన పెట్టిన్రు. నేనే మళ్ల కూరల కలిపిన. ఈయన మిమ్మల్ని తిడుతుంటే గూడ నోరు మూసుకున్న.”

కమలాకుమారి తన అరచేతులకేసి చూసుకుంది. కళ్ళు నిండాయి.

“అయితే నేను సరిగ్గానే ఏరానా?”

“ఒక్కటి గూడ తప్పలే అత్తమ్మా.”

“ముందే చెప్పకపోయావుటే పిచ్చిపిల్లా! కొడుకుని చంపుకోబోయానని కుమిలిపోతున్నాను.”

సంజన ఆవిడ ఒడిలో తలదాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తల నిమురుతున్న తల్లి ఎదురుగా కృష్ణచైతన్య వచ్చి కూర్చున్నాడు.

“అమ్మా,” అన్నాడు, “ఆకలేస్తోంది. ఏమైనా వండి పెట్టవూ?”

ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుని, కోడలి భుజం ఆసరాగా పైకి లేచింది.