దిద్దిన రికార్డు

"నా గుండె గురించి రాసింది ఎవరండీ ఇక్కడ?"

తలుపు తోసుకుని వచ్చిన మనిషి ఆరడుగులున్నాడు. నిలువునా తడిసి ఉన్నాడు. ఎప్పుడూ వాన కురిసే చిలీ ఊరు వాల్దీవియాలో పుట్టినవాళ్ళకు గొడుగంటే నామోషీ. అతని జాకెట్ నుంచి కారిన నీళ్ళు ఆర్రయాన్ జన్యు పరీక్షల లాబు నేల మీద చిన్న మడుగు కట్టాయి.

కౌంటర్ అమ్మాయి భోజనానికి వెళ్ళడంతో ఆ చోట హిమేనా కూర్చుని ఉంది.

"ముందు కాళ్ళు తుడుచుకోండి."

"కాళ్ళు తర్వాత. గుండె సంగతి చెప్పండి."

"గుండె ఎక్కడికీ పోదు. నేల జారుతుంది, పడతారు."

అతను ఒక్క క్షణం తెల్లబోయి, వెనక్కి వెళ్ళి బుద్ధిగా కాళ్ళు తుడుచుకుని వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం తీశాడు. దాని పైన నాలుగేళ్ళ కిందటి తేదీ ఉంది. పేరు ఇలారియో బర్రియా.

"పడవ పందేలవాణ్ణి. క్లబ్బులో అందరికీ చేసినట్టే నాకూ పరీక్ష చేశారు. జన్యువులో ఒక్క అక్షరం మారిందట. గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చట. ఆ రోజే తెడ్డు లాక్కున్నారు. సరే, బతికితే చాలనుకుని పడవలకు రంగులేసుకుంటున్నాను. ఇప్పుడు మా చెల్లి నోయెలియాకీ అదే అక్షరమట. ఒకసారి బడిలో పాఠం చెబుతూ కళ్ళు తిరిగి పడిపోయిందని, ఛాతీలో యంత్రం పెడతామంటున్నారు. వచ్చే నెలే. ఒక్క మాట అడిగిపోదామని వచ్చాను. ఇది నిజమేనా?"

చివరి మాట దగ్గర అతని గొంతు తగ్గిపోయింది. కోపంగా అరిచేవాళ్ళకు జవాబు చెప్పడం హిమేనాకు అలవాటే. ఇలా అడిగేవాళ్ళకే ఏం చెప్పాలో తెలియదు.

"రెండు రోజులు టైమివ్వండి," అంది.

లాబులన్నీ తాము చూసిన జన్యు మార్పులను పంపే పెద్ద డేటాబేస్ ఒకటుంది. ఫలానా మార్పు జబ్బు తెస్తుందనో, తేదనో ఎవరి మాట వాళ్ళు అందులో పెడతారు. లోకంలో మిగతా డాక్టర్లు అది చూసి తమ రోగులకు చెబుతారు. ఆర్రయాన్ లాబు తరఫున ఆ రికార్డులు పంపేది హిమేనాయే.

ఆ సాయంత్రం ఇలారియో అక్షరాన్ని వెతికి తీసింది. "వ్యాధికారకం" అని ఉంది. ఆధారం ఒకే ఒక్క కుటుంబం గురించిన పాత వ్యాసం. దాని కింద, వేలమంది ఆరోగ్యవంతుల్లో ఎక్కడా ఈ మార్పు కనబడలేదన్న వాక్యం. లాబు సొంత పుస్తకంలో తేదీ చూసింది. తను ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఎక్కించింది తనే.

చేతిలోని టీ చల్లారిపోయింది. ఆ వేలమంది ఎవరు? జాబితా తెరిచి చూసింది. తమ లాబుకు ఎందరో వచ్చే దక్షిణాది చిలోయే ద్వీపాల మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. చూడని చోట కనబడలేదని రాయడమేమిటి?

ఇలారియో చెప్పిన వేళకు ఒక గంట ముందే వచ్చాడు. ఈసారి చెప్పకుండానే కాళ్ళు తుడుచుకున్నాడు.

"మీ పెద్దవాళ్ళది ఏ ఊరు?" అడిగింది హిమేనా.

"అమ్మవైపు వాళ్ళది చిలోయేలో లెముయ్ ద్వీపం. అమ్మమ్మ అక్కడే ఉంది."

"ఆవిడ... బతికే ఉన్నారా?"

"బతికుండటమా! ఎనభై నాలుగేళ్ళు. మొన్న పంది తప్పించుకుంటే కంచె దూకి పట్టుకుంది."

హిమేనా మొహం వెలిగింది. "ఆ అక్షరం ఆవిడకూ ఉందేమో చూడాలి. ఆవిడ లాలాజలం కావాలి నాకు."

ఇలారియో నెమ్మదిగా అన్నాడు. "చాలామంది అమ్మాయిలు మా ఇంటికి వస్తామన్నారు కానీ, ఎవరూ ఇలా అడగలేదండీ."

శనివారం బస్సులో బయలుదేరారు. రెండు బల్లకట్లు మారి, లెముయ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా ఇలారియో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, కిటికీ చూసే వంకతో ఆమెనే చూశాడు. హిమేనా గమనించలేదన్నట్టు అద్దం మీది వాన చుక్కలు లెక్కపెట్టింది. నలభై దాకా వచ్చి, మళ్ళీ మొదటికి వచ్చింది.

అమ్మమ్మ ఎదెల్మీరా వాళ్ళకు ముందు పొయ్యి దగ్గర చోటిచ్చి, వేడివేడి బంగాళాదుంప రొట్టెలు పెట్టి, ఆ తర్వాతే కాగితాలు చదవమంది. అంతా విని సంతకం చేసింది. గొట్టం చేతికిచ్చేసరికి మాత్రం మొహం చిట్లించింది.

"ఉమ్మాలా? ఏడుగురు పిల్లల్ని ఉమ్మొద్దని కొట్టి పెంచాను. ఇప్పుడు వాళ్ళ ముందే నేను ఉమ్మాలా?"

"మీ మనవరాలి కోసం, అమ్మమ్మగారూ."

"నోయెలియా కోసమా? అయితే ఇంకో గొట్టం కూడా ఇవ్వు."

ఇద్దరు మేనమామలూ ఇచ్చారు. ఒకాయన అరవై రెండేళ్ళ వయసులో ఇప్పటికీ సముద్రంలోకి దూకి గవ్వలు తెచ్చేవాడు. ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు ముగ్గురికీ ఈసీజీ తీసింది. అమ్మమ్మది చూసి ఆ నర్సే, "నాది దీనికన్నా అధ్వాన్నంగా ఉంటుంది," అని నవ్వింది.

తిరిగి వచ్చే బల్లకట్టు మీద ఇలారియో ఆమెకు తన జాకెట్ కప్పాడు. "నాలుగేళ్ళ తర్వాత ఇవాళే కాస్త ఊపిరి ఆడినట్టుంది. మీరు లేకపోతే..."

"ఆగండి. మీకొకటి చెప్పాలి. ఆ మాట రాసింది నేనే."

"ఏ మాట?"

"వ్యాధికారకం అని. నాలుగేళ్ళ కిందట ఆ రికార్డు ఎక్కించింది నేను. ముందే చెప్పాల్సింది. ధైర్యం చాలలేదు."

ఇలారియో లేచి వెళ్ళి బల్లకట్టు చివర నిలబడ్డాడు. హిమేనా జాకెట్ విప్పి అతని సీట్లో మడిచిపెట్టింది. వాల్దీవియా చేరేదాకా ఇద్దరి మధ్యా ఆ జాకెట్టే కూర్చుంది.

ఫలితాలు పది రోజులకు వచ్చాయి. అమ్మమ్మకూ, మేనమామలిద్దరికీ అదే అక్షరం ఉంది. ఒక్కరికీ గుండె జబ్బు లేదు. ద్వీపాల మీద వేరే పరిశోధన చేస్తున్నవాళ్ళను బతిమాలి వాళ్ళ లెక్కలు కూడా తెప్పించింది. అక్కడ ప్రతి నలభై మందిలో ఒకరికి ఆ మార్పు ఉంది. అంత ప్రమాదకరమైనదే అయితే ఆ ద్వీపాలు ఈపాటికి ఖాళీ అయిపోయి ఉండాలి.

లాబు పెద్ద, డాక్టర్ సెపుల్వేదా, కాగితాలన్నీ చదివి కళ్ళద్దాలు తీశాడు.

"బాగా చేశావు. రికార్డు వెనక్కి తీసుకో. గొడవ వదిలిపోతుంది."

"వెనక్కి తీసుకుంటే మన మాట అక్కడినుంచి పోతుందంతే డాక్టర్. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. మన మాట నమ్మి ఇంకెక్కడో, ఇంకెవరి తెడ్డో లాక్కుని ఉంటారు. సవరిద్దాం. అదే నంబరు కింద రెండో వెర్షన్ వస్తుంది. మొదట ఏమన్నామో ఉంటుంది, ఎందుకు మార్చామో కూడా ఉంటుంది."

"ఆసుపత్రులవాళ్ళు చూస్తారమ్మా. మీ మిగతా మూడు వందల రికార్డుల సంగతేమిటంటారు."

"అనాలి. వాళ్ళకన్నా ముందు మనమే అనుకోవాలి. తప్పు నాది. కావాలంటే నా పేరే రాయండి."

ఆయన పాత రికార్డు కాగితం పైకి తీశాడు. "ఆ రోజు నీకు ఉద్యోగంలో రెండో నెల. కింద సంతకం ఎవరిది?"

"మీది."

"చదవకుండా పెట్టాను. ఆ వారం నలభై ఉన్నాయి." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "సవరించు. కారణం దగ్గర ఏదీ దాచకు. మిగతా మూడు వందలూ సోమవారం నుంచి ఇద్దరం కలిసి చూద్దాం."

"వ్యాధికారకం" పోయి "బహుశా హానిలేనిది" వచ్చింది. నోయెలియా గుండె డాక్టర్ పరీక్షలన్నీ మళ్ళీ చేయించి, ఆమె ఆ రోజు పడిపోయింది రక్తం తక్కువై అని తేల్చాడు. ఆపరేషన్ రద్దయింది. వారం తర్వాత, దేశం దక్షిణ కొసనున్న పుంతా అరేనాస్ నుంచి ఒక డాక్టరమ్మ ఉత్తరం రాసింది. మీ పాత రికార్డు చూసి పదకొండేళ్ళ పిల్లకు ఈత మాన్పించాను, వాళ్ళ తాతలది చిలోయే, రేపు ఆమెను మళ్ళీ పరీక్షకు పిలుస్తున్నాను అని. ఆ ఉత్తరం చదివి హిమేనా బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది.

అన్నీ జరిగాయి. ఇలారియో మాత్రం రాలేదు. ఫోనూ లేదు.

రికార్డు దిద్దాక మూడో శనివారం ఇక ఆగలేక హిమేనా పడవల క్లబ్బుకు వెళ్ళింది. జల్లు పడుతోంది. నది మధ్యలో ఒంటరి పడవ ఒకటి దూసుకొస్తోంది. ఒడ్డుకు చేరిన ఇలారియో ఆయాసంతో వంగిపోయాడు. హిమేనా పరుగెత్తింది.

"ఏమైంది? నొప్పా? కూర్చోండి! డాక్టర్ ఈ తెడ్డు పని చెయ్యమన్నాడా అసలు?"

"చెయ్యమన్నాడు. ట్రెడ్‌మిల్ మీద గంట పరిగెత్తించి మరీ చెయ్యమన్నాడు." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇది జబ్బు కాదు. నాలుగేళ్ళు కూర్చుని తిన్న పొట్ట."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నన్ను తిట్టడానికైనా రాకూడదా?"

"అదే కదా సమస్య! నాలుగేళ్ళూ ఆ కాగితం రాసింది ఎవడో బట్టతల డాక్టరనుకుని పొద్దునా సాయంత్రం తిట్టుకున్నాను. తీరా చూస్తే మీరు. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను? తిట్టు రాక, మాట రాక డాక్టర్ సరేనన్న రోజు నుంచీ నదిలో పడి ఉన్నాను."

"కోపం పోలేదా?"

"పోయిన ఏళ్ళు తలుచుకుంటే ఇంకా వస్తుంది. అబద్ధం చెప్పను." తెడ్డు పక్కన పెట్టాడు. "కానీ నోయెలియా మీ రికార్డు చదివి వినిపించింది. మేం తప్పు చేశామని అంత పెద్ద లోకం ముందు రాశారు. నేనైతే దాచేసేవాణ్ణి. కోపం వచ్చినప్పుడు కూడా నువ్వు పక్కనే ఉంటే బాగుండునని అనిపిస్తోంది. అదెలా కుదురుతుందో తెలీక చస్తున్నా."

అతను "నువ్వు" అన్న సంగతి అతనికే తెలియదు. హిమేనాకు తెలిసింది.

"నాకూ అలాగే ఉంది. నీకు కోపం వస్తే కోప్పడు. నేనెక్కడికీ పోను," అంది.

వానలో ఇద్దరూ అలాగే నిలబడి ఉండగా అతని జాకెట్లో ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కాడు.

"ఒరేయ్, ఆ ఉమ్మి పిల్ల వచ్చిందా?" అమ్మమ్మ గొంతు నది దాటేలా ఉంది.

"వచ్చింది అమ్మమ్మా. పక్కనే ఉంది."

"ఏమంది?"

ఇలారియో హిమేనాను చూశాడు. ఆమె ఫోన్ అందుకుంది. "సరేనన్నాను, అమ్మమ్మగారూ."

అవతల ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"అయితే మార్చిలో దుంపలు తవ్వడానికి ఇద్దరూ రండి. ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్క మంచమే. ముందు ఏం చేసుకుని రావాలో చదువుకున్న పిల్లవి, నేను చెప్పాలా?"