కాలవలో పడిన చెక్క స్పూను

ఏంజెలిన్ చెక్క స్పూను పోయిన రోజు బళ్లో పులిహోర పెట్టారు.

పిల్లలంతా వరసలో కూర్చుని తింటున్నారు. ఏంజెలిన్ మాత్రం గోడ వారగా ఒక్కతే కూర్చుంది. తలకు స్కార్ఫు కట్టుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. రక్త క్యాన్సర్‌కు చెన్నైలో నెలల తరబడి వైద్యం చేయించుకుని, ఆ వారమే బడికి వచ్చింది.

ఆమె చేతిలోంచి జారిన స్పూను దొర్లుకుంటూ వచ్చి దివ్యశ్రీ కాళ్ల దగ్గర ఆగింది. పిడి మీద చిన్న చేప బొమ్మ ఉంది. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసి అమ్మే రెబెకమ్మ కూతురి కోసం చెక్కిన స్పూను అది.

ఒకప్పుడు దివ్యశ్రీ, ఏంజెలిన్ ఒకే కంచంలో తిన్నవాళ్లే. కానీ పొద్దున్నే అవ్వ ఓబులమ్మ హెచ్చరించింది. "ఆ పిల్ల వస్తువులు ముట్టుకోబాకమ్మే! అంటుకునే రోగం కాకపోతే మూతికి ఆ గుడ్డెందుకు?"

దివ్యశ్రీ అటూ ఇటూ చూసింది. స్పూనును కాలితో పక్కనున్న మురుగు కాలవలోకి తోసేసింది.

"దివ్యా, నా స్పూను చూసినావా?"

"లేదు."

సాయంత్రం రెబెకమ్మ వచ్చి బడంతా వెతికింది. గేటు దగ్గర అమ్మలు తమ పిల్లల్ని పక్కకు లాక్కున్నారు. రెబెకమ్మ అది చూసింది. కూతురి స్కార్ఫు సరిచేసింది.

వీధిలోనూ అంతే. "ఆ ఇంటి స్పూను నోట్లో ఎట్టా పెట్టుకునేది?" అని కొనడం మానేశారు. అయినా ఆమె రోజూ వీధి అరుగు మీదే, అందరికీ కనబడేలా కూర్చుని చెక్కుతుంది.

ఆ సాయంత్రం గేటు దగ్గరే దివ్యశ్రీ రెబెకమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"అత్తా, నేనే కాలవలోకి తోసినాను. ముట్టుకుంటే నాకూ వస్తాదని..."

రెబెకమ్మ దివ్యశ్రీ వైపు వంగింది. "క్యాన్సర్ ఒకరి నించి ఒకరికి రాదమ్మా."

"మరి మాస్కు ఎందుకు?"

ఏంజెలిన్ పకపకా నవ్వింది. "నీ చీమిడి ముక్కుకి భయపడి నేను కట్టుకుంటే, నువ్వు నాకు భయపడతా ఉండావా మే?"

"మందులకి దీని ఒంట్లో సత్తువ తగ్గిపోయింది. మీ జలుబు దీనికి వస్తే మళ్లీ ఆస్పత్రే," అంది రెబెకమ్మ.

దివ్యశ్రీ పుల్ల తీసుకుని కాలవంతా కెలికింది. స్పూను దొరకలేదు.

"పోనీలే, చేతులు సబ్బుతో కడుక్కో. రేపు ఇంటికి రా, కొత్తది చేద్దాం."

మర్నాడు రెబెకమ్మ చెక్కింది. దివ్యశ్రీ చెయ్యి నొప్పి పుట్టేదాకా ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసింది.

ఆ తర్వాతి రోజు దివ్యశ్రీకి ముక్కు కారడం మొదలైంది. బడికి బయలుదేరుతూ మాస్కు కట్టుకుంది.

"నీకేమొచ్చిందే?" అంది అవ్వ.

"నాకు జలుబవ్వా. ఇది ఏంజెలిన్ కోసం."

మధ్యాహ్నం కంచం తీసుకుని దివ్యశ్రీ వరసలోంచి లేచింది. ఆ గోడ వారనే, రెండో కొసన కూర్చుంది.

"జలుబు తగ్గినాక నీ పక్కకొస్తా!" అని అరిచింది.

ఏంజెలిన్ కొత్త స్పూను పైకెత్తి ఊపింది.

ఆ వీధిలో ఇంకా ఎవరూ రెబెకమ్మ దగ్గర స్పూను కొనలేదు. అవ్వ కూడా కొనలేదు.