నాలుగో నంబరు

పక్కింటి పిన్నిగారు అన్నదట: మీ ఆయన కారు ఈ నెల్లో మూడుసార్లు ఏటి వంతెన పక్కన ఆగిందమ్మా, పక్క సీట్లో నల్ల కళ్లద్దాల సుందరి ఉందమ్మా, నాకెందుకులే అనుకున్నాను గానీ కడుపులో దాచుకోలేక చెబుతున్నాను. పిన్నిగారి తమ్ముడు పోలీసు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్. ఊళ్లో ఏ బండి ఏ మలుపు తిరిగినా నంబరు ప్లేటు చదివి దాచుకునే కెమెరాలన్నీ అతని కళ్లముందే ఉంటాయి.

భార్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఆ వార్తను మొగుడి మొహాన కొట్టింది.

"ఎవరది?"

"ఆఫీసు పని."

"ఆఫీసు పనులు కళ్లద్దాలు పెట్టుకుంటాయా?"

అతను గోడకేసి చూశాడు. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని ఉడుము అంటారు, పట్టు పడితే వదలడని. ఇంట్లో మాత్రం పన్నెండేళ్లుగా గోదాముల ఇన్‌స్పెక్టర్.

"సరే, ఇవాళ టౌన్‌హాల్లో ఆ కెమెరాల మీద పబ్లిక్ హియరింగ్. పోలీసులు వాటిని ఎంతవరకు వాడొచ్చో జనాన్ని అడుగుతారట. నేనూ పోయి అడుగుతా, అవి దొంగల్ని పట్టడానికా, మొగుళ్లని పట్టడానికా అని. నా మొగుడు ఎక్కడ తిరిగాడో నాకంటే ముందు పక్కింటికి తెలియడమేంటి?"

తోటి ఏజెంట్లు ముగ్గురు కార్లలోనే చచ్చారు. అందుకే అతను కారు ఇంట్లో వదిలి, స్కూటర్ మీద జారుకున్నాడు.

చీఫ్ మకాం ఒక ఫోటో స్టూడియో వెనక గది.

"పాస్‌పోర్టు సైజా?" కౌంటర్ ముసలాయన అడిగాడు.

"కాదు, పెళ్లి ఫోటో."

"పెళ్లికొడుకేడీ?"

"పారిపోయాడు."

తలుపు తెరుచుకుంది. చీఫ్ మూడు ఫోటోలు బల్ల మీద పరిచాడు.

"ఇరవై రోజుల్లో ముగ్గురు. అదే పెద్ద సిగ్నల్, అవే రెండు బైకులు. షూటర్లకి మొహాలు తెలియవు. ఫోన్‌కి నంబరొస్తే ఆ నంబరున్న కారుని కాలుస్తారు. ఆ విదేశీ ముఠాకి మన కార్ల ఆచూకీ ఎవరిస్తున్నారు?"

ఉడుముకి పిన్నిగారు గుర్తొచ్చింది.

"కెమెరాలు, సార్. వంతెన దగ్గర నా కారెక్కిన నల్ల కళ్లద్దాలావిడ, మన సిల్క్. ఈ ముగ్గురి కార్లూ ఎక్కిందా?"

"ఎక్కింది. ముఠా కబుర్లు మనకి మోసే డబుల్ ఏజెంట్ కదా."

"డబుల్ కాదు, సార్. సింగిలే. వాళ్ల మనిషి."

చీఫ్ వాచీ చూసుకున్నాడు. "చుట్టాల్ని చూడాలని సెలవడిగింది. పదకొండున్నరకి ఫ్లైటు. ఎక్కిందంటే ఇక దొరకదు. ఎయిర్‌పోర్టుకి బుక్ చేసిన ట్యాక్సీ నంబరు ఇదిగో."

పావుగంటలో ఉడుము పెట్టుడు మీసంతో, చెవిలో గుండీ అంత రిసీవర్‌తో, ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు.

"ఏసీ బాగానే ఉందే?" అన్నాడు పిన్నిగారి తమ్ముడు.

"నువ్వే బాగాలేవు." పిస్తోలు అతని పక్కటెముకలకి ఆనింది. "ఎవరెవరికి నంబర్లు చూసిపెడుతున్నావు?"

"తెలిసినవాళ్లకే సార్! కూతురు కాలేజీకి వెళ్లిందా, అల్లుడు ఎక్కడ తాగుతున్నాడు... ఇక్కడ అందరం చూసేదే. పాస్‌వర్డు గోడ మీదే ఉంది."

"నల్ల కళ్లద్దాలావిడకి?"

"పాపం, వెక్కివెక్కి ఏడ్చింది సార్. మొగుడూ మరుదులూ చంపేస్తారట. వాళ్ల నాలుగు కార్లు పెద్ద సిగ్నల్‌కి వస్తే మా అన్నయ్య ఫోన్‌కి మెసేజ్ పోయేలా పెట్టు తమ్ముడూ అంది."

"మూడు కార్లలోవాళ్లు చచ్చారు. పేపరు చదవవా?"

"పేపర్లో నంబరు ప్లేట్లు వెయ్యరు కద్సార్..."

జాబితాలో మిగిలింది నాలుగో నంబరు. ఉడుము కారుది.

అదే కారు అప్పుడే పక్క తెర మీదికి వచ్చింది. స్టీరింగ్ వెనక భార్య. పెదాలు కదులుతున్నాయి, టౌన్‌హాల్లో అడగాల్సినవి వల్లె వేసుకుంటోంది. పెద్ద సిగ్నల్‌కి తొంభై సెకన్లు.

ఆపరేటర్ కీబోర్డు వైపు చెయ్యి చాచాడు. "నంబరు తీసేస్తా సార్. డిలీట్ కొడితే మెసేజే పోదు. ఆవిడకేం కాదు."

అతను చాచిన చేతిని ఉడుము ఒడిసి పట్టాడు. భార్య కారు పక్క లేన్లో ఒక పసుపుపచ్చ ట్యాక్సీ. వెనక సీట్లో నల్ల కళ్లద్దాలు. ముందు సీట్లో డ్రైవరు మెడ గోక్కుంటూ ఆవులిస్తున్నాడు.

"పట్టుకోగలవా?" చెవిలో చీఫ్.

"అందదు సార్. ఎయిర్‌పోర్టుకి ముందు ఇదే ఆఖరి సిగ్నల్."

"నీ ఇష్టం మరి."

ఉడుము తన నంబరు చెరిపి, ఆ చోట ట్యాక్సీ నంబరు కొట్టాడు.

"సార్, ఆ డ్రైవరు..."

"నోర్మూసుకో."

నాలుగు సెకన్లు ఉండగా ఎంటర్ నొక్కాడు. సిగ్నల్ ఎర్రబడింది. రెండు బైకులు ట్యాక్సీకి చెరోవైపు ఆగాయి. తెరకి శబ్దం లేదు. అద్దాలు మాత్రం రాలడం కనబడింది. ఉడుము కబురందుకున్న పెట్రోలింగ్ వాళ్లు రెండు మైళ్ల అవతల ఎదురొచ్చి షూటర్లని పడగొట్టారు.

"శభాష్," అన్నాడు చీఫ్.

మధ్యాహ్నం టౌన్‌హాలు కిటకిటలాడింది. చీఫ్ ప్రభుత్వ సలహాదారు వేషంలో మైకందుకున్నాడు.

"ఈ ఉదయం ఈ కెమెరాలే శత్రు గూఢచారి ఆట కట్టించాయి. ఇదిగో, ఈ అమ్మ ప్రాణం నిలిపాయి. వీటికి హద్దులు పెడతారా?"

చప్పట్లు మోగాయి. సభ అధ్యక్షురాలు మైకు ఉడుము భార్యకి ఇప్పించింది. "నువ్వు హద్దులు పెట్టాలని చెప్పడానికి వచ్చావట. ఇప్పుడేమంటావమ్మా?"

ఆమె చీర మీద ఇంకా గాజుముక్కలున్నాయి. గోడకానుకుని నిలబడ్డ మొగుణ్ని చూసింది, ఊడొస్తున్న మీసాన్ని చూసింది. చీఫ్ వైపు తిరిగింది.

"ఆ ట్యాక్సీలో ఎంతమంది పోయారు?"

"ఒక్కతే తల్లీ. దేశానికి శత్రువు."

"నేను పక్క లేన్లోనే ఉన్నా. ఇద్దరు. రెండోవాడు ఎవరికి శత్రువు?"