ఆవకాయ జాడీ కింద దొరికిన సంతకం

ఇంద్రసేన ఉప్మా తింటూనే రామక్కను పనిలోంచి తీసేసే ఉత్తరాన్ని మనసులో రాసుకుంటున్నాడు. నారాయణగూడలో పెళ్లికార్డుల ప్రెస్సుకు అతను మేనేజరు. ఒక కార్డులో చిక్కడపల్లి హాలు పేరు ఉండాల్సిన చోట, పాత కార్డులోని దోమలగూడ హాలు అలాగే అచ్చయిపోయింది. కంప్యూటర్‌లో కార్డులు తయారుచేసే రామక్క, అచ్చుకు ముందు సరిచూసే ప్రూఫు కాగితం తనకు చూపించలేదని యజమానికి చెప్పేశాడు.

“పన్నెండేండ్ల సంది చేస్తున్నది. చూపియ్యకుండ అచ్చుకు ఇస్తదా?” అంది సంగతంతా విన్న అతని భార్య దమయంతి, ఆవకాయ వడ్డిస్తూ.

“నా సంతకం లేకుండ మా ప్రెస్సుల కాయితం కదలదు. సంతకమున్న ప్రూఫేది మరి?”

దమయంతి గబుక్కున వంటింట్లోకి వెళ్లింది. మొగుడు ఇంటికి తెచ్చిన ప్రూఫులన్నీ ఆమె అరల్లో పరుస్తుంది. ఆవకాయ జాడీ కింది కాగితం పీకి అతని పళ్లెం పక్కన పెట్టింది.

దోమలగూడ హాలు. కింద ‘ఓకే, ఇంద్రసేన’. క్రికెట్ ఫైనల్ నాటి తేదీ.

ఇంద్రసేన ఉప్మా పళ్లెం పక్కకు నెట్టాడు. మ్యాచ్ చూస్తూ సంతకం పెట్టింది తనే. ‘అచ్చెయ్యి’ అని ఫోన్ చేసిందీ తనే. ఆ సంగతి రామక్క చెప్పబోతే ‘కాయితం చూపియ్యి’ అని నోరు మూయించిందీ తనే.

“దీన్ని చింపేస్తే ఎవరికి తెల్వదు,” అని గొణిగాడు.

“నాకు తెల్సు గద!”

“నా నౌకరీ పోతే?”

“ఆవకాయ పెట్టి అమ్ముకుందాం. పొట్లాలకు కాయితాలైతే మస్తున్నయ్.”

ఇంద్రసేన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రెస్సులో అందరినీ పిలిచి, యజమాని వీరరాఘవరావు చేతికి ఆ కాగితం ఇచ్చాడు. “తప్పు నాది సార్. రామక్కది కాదు. నేను అబద్ధం చెప్పిన.”

ఆయన కాగితాన్ని వాసన చూశారు. “ఏమండీ, ఇది ఆవకాయేనా?”

అందరూ నవ్వారు. రామక్క మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నౌకరీ పోతదని మూడు దినాల సంది ఇంట్ల చెప్పలేక సచ్చిన సార్.”

ఇంద్రసేనకు తల ఎత్తబుద్ధి కాలేదు. “మాఫ్ చెయ్యి రామక్కా,” అన్నాడు.

“నౌకరీ సంగతి తర్వాత, ముందు కార్డు సంగతి చూడండి,” అన్నారు వీరరాఘవరావు.

రామక్క కొత్త ప్రూఫు తెచ్చింది. ఇంద్రసేన కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి వరుస కిందా వేలుపెట్టి, చిక్కడపల్లి హాలు పేరు దాకా పైకి చదివాడు. సంతకం చేసి కాగితాన్ని ఆమెకే ఇచ్చాడు.

“ఇది నీ తాననే ఉంచు. మా ఇంట్ల జాడీలు ఎక్కువ.”

రామక్క కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.