తొమ్మిది మోకుల వంతెన

పూర్వం కంబుగిరి రాజ్యాన్ని ఒక లోయ రెండు ముక్కలుగా చీల్చి ఉండేది. ఆ లోయ అడుగున ఖండదంతుడనే రాక్షసుడి కాపురం. ఎవరు వంతెన కట్టినా దాని ఆయువుపట్టు వాసన పసిగట్టి, అక్కడ ఒకే ఒక్క కాటు వేసేవాడు. వంతెన కూలిపోయేది. అవతలి గట్టున చిక్కుకున్న నలభైమంది పనివాళ్ళను రాళ్ళుగా మార్చి, "నా కాటు తిని నిలిచిన వంతెన మీదుగా వచ్చి ఎవరైనా తాకితే వీళ్ళు మనుషులవుతారు. కార్తీక పున్నమి దాటిందా, ఇక రాళ్ళే!" అని శపించాడు.

ఆ రాళ్ళలో ఒకడు సోములు. వాడి చెల్లెలు పైడి మోకులు పేనే పిల్ల.

పున్నమి ఇరవై రోజులుందనగా ఆస్థాన స్థపతి చిత్రరథుడు బంగారు గొలుసుతో వంతెన వేలాడదీశాడు. పైడి సభకు పరుగెత్తింది.

"అయ్యా, పక్కన ఇంకో ఎనిమిది మోకులు కట్టించండి."

"ఏనుగును మోసే గొలుసుకు తోడెందుకే? ఆ ఎనిమిదీ ఏం పని చేస్తాయి?"

"గొలుసు తెగేదాకా ఏమీ చెయ్యవు. తెగాకనే వాటి పని."

"సోమరి తాళ్ళట!" అన్నాడు చిత్రరథుడు. సభంతా పగలబడి నవ్వింది.

మర్నాడే రాక్షసుడి కాటుకు గొలుసు తెగి లోయలో పడింది. "గొలుసు మంచిదే, ఒక్క లంకె నాసిరకం" అన్నాడు స్థపతి. అందరూ తలలూపారు. పైడి ఒళ్ళు మండి అతణ్ణి తిట్టిపోసింది.

ఈసారి రాజు ఆమెకే పని అప్పగించాడు. చేతులు బొబ్బలెక్కేలా తొమ్మిది మోకులు పేనింది. వాటన్నిటినీ ఇవతలి గట్టున రాజుగారి తాత నాటించిన ఒకే రాతిస్తంభానికి బిగించింది. ఖండదంతుడు మోకుల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా స్తంభాన్ని కొరికాడు. తొమ్మిది మోకులూ ఒక్కసారే లోయలో పడ్డాయి.

"తాళ్ళు బాగా పేనావే పిల్లా!" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆమె తాడునే చూసింది గాని, తాడు కట్టిన చోటును ఏనాడూ చూడలేదు. స్థపతిని తిట్టిన నోటితోనే తననూ తిట్టుకుంటూ, కొత్త నార కోసం కారడవిలోకి నడిచింది.

నారచెట్ల దగ్గర తాటిచెట్టంత జెర్రి దారికి అడ్డంగా పడుకుని ఉంది. "నా ఏ కాలు విరిస్తే నేను కదలలేనో చెప్పు. తప్పు చెప్పావో, మింగేస్తాను" అంది.

పైడి దాని చుట్టూ తిరిగి చూసింది. ఒక్కో కాలు ఒంటిలో ఒక్కోచోట నాటుకుని ఉంది. అప్పటికే మూడు కాళ్ళు లేవు.

"అలాంటి కాలే నీకు లేదు. ఏ రెండూ ఒక్కచోట పుట్టలేదు!"

"ఆ మాట మీ రాజుగారికీ చెప్పు" అంటూ జెర్రి దారి వదిలింది.

అవతలి గట్టుకు ఉచ్చులు విసిరి, ఇరుగట్లా తొమ్మిదేసి బండలకు, ఒక్కో మోకును ఒక్కో బండకు విడివిడిగా కట్టింది పైడి. పున్నమినాటి పొద్దున్నే వంతెన మీద కాలు పెట్టింది. ఖండదంతుడు ఒక బండ దగ్గర మూచూశాడు, ఇంకోదాని దగ్గరికి ఉరికాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఎక్కడా ఆయువుపట్టు వాసన లేదు. ఉక్రోషం పట్టలేక చేతికందిన మోకును కొరికాడు. వంతెన కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది. పైడి పక్క మోకును పట్టుకుంది. మిగిలిన ఎనిమిదీ బిగుసుకుని బరువు పంచుకున్నాయి. వంతెన నిలిచింది. తన ఒక్క కాటూ వృథా కాగానే రాక్షసుడు ఆవిరైపోయాడు.

ఆమె చెయ్యి తగలగానే సోములు కళ్ళు తెరిచాడు. "ఇన్నాళ్ళా రావడం? నడుం పట్టేసింది!"

"నోర్ముయ్యరా అన్నా!" అని వాణ్ణి పట్టుకుని ఏడ్చింది.

మిగతా వాళ్ళనూ తాకి లేపి ఇవతలికి తీసుకొచ్చింది. రాజు తన కిరీటంలోని మణి తీసి ఆమె తలమీద పెట్టి, అవతలి గట్టు నేలకంతా ఆమెను ఏలికను చేశాడు.

"ఇంతకీ మనల్ని కాపాడింది ఏ తాడమ్మా? దానికి బంగారు తొడుగు వేయించి పూజ చేయిస్తాను."

పైడి నెత్తి కొట్టుకుంది. "అదేదో నాకు తెలిసుంటే వాడికీ తెలిసుండేది, మహాప్రభో! పూజలొద్దు. ఇప్పుడు ఎనిమిదే ఉన్నాయి. పొద్దుగూకే లోపల తొమ్మిదోది కట్టాలి, నార తెప్పించండి."

ఏలికగా ఆమె మొదటి ఆజ్ఞ అదే. నార మోసింది చిత్రరథుడు.